హెడ్ బోర్లించి చూశాకే బేరం

ఇంటి వెనక రేకుల కింద మీ నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఏళ్లుగా నిలబడి ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని మీరు పట్టుబట్టారు. మెకానిక్ ఇంజన్ విప్పి చూసి, "హెడ్ పోయింది తమ్మీ, ప్లగ్ కాడ చూడీలు మొత్తం లేచినయ్. ఇంకో హెడ్ చూస్కో" అని పాతది చేతిలో పెట్టాడు. మీరు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి పరీక్షలకు చదువుకుంటున్నారేమో, లేదా ఎల్బీనగర్ అవతల కాపురం ఉండి రోజూ ఆఫీసుకు తిరుగుతున్నారేమో. ఎలా చూసినా చేతిలో ఉన్నది ఒక్క సెలవు రోజు. ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. షోరూముకు వెళ్లి అడిగితే అరలోంచి కొత్త హెడ్ తీసి ఇచ్చే రోజులు పోయాయి. మిగిలింది సెకండ్ హ్యాండే.

పాత సామాన్ల దుకాణంలో ఇనప రాక్ మీద నాలుగైదు హెడ్లు ఉన్నాయి. అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. షాపతను ఒకటి తీసి, "ఇది తీస్కో తమ్మీ, జపాన్ మాల్, గ్యారంటీ నాది" అంటున్నాడు. ఇప్పుడు మీరేం చూస్తారు? ఎక్కడ చూస్తారు? ఎంతసేపు చూస్తారు?

ఆ పావుగంట కోసమే ఈ అధ్యాయం. భయపడకండి, మెకానిక్ కానక్కర్లేదు. ఆర్‌ఎక్స్ లాంటి టూ-స్ట్రోక్ బండి హెడ్‌లో వాల్వులు ఉండవు, కామ్ ఉండదు, టైమింగ్ చైన్ ఉండదు. అది ఒక్కటే అల్యూమినియం ముక్క. పైన ఫిన్‌లు, నడుమ ప్లగ్ రంధ్రం, కింద పెట్రోలు మండే గుంట, చుట్టూ స్టడ్ రంధ్రాలు. దాని మంచీ చెడూ అంతా కంటికి, వేలికి అందే చోటే ఉంటాయి. ఫోర్-స్ట్రోక్ హెడ్ కొనేవాళ్లకు లేని అదృష్టం ఇది. సరూర్‌నగర్ రైతుబజార్‌లో వంకాయ తీసుకునేటప్పుడు తొడిమ పట్టుకుని చుట్టూ తిప్పి, పుచ్చు రంధ్రం ఉందేమోనని చూస్తారు కదా? హెడ్‌ని కూడా అంత ఓపిగ్గా తిప్పి చూస్తే చాలు.

కానీ చాలామంది తిప్పరు. పైన ఫిన్‌లు మెరుస్తుంటే చాలనుకుంటారు. అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఫిన్‌లను గాజుపూసలతో బ్లాస్టింగ్ చేయించి తెల్లగా చేయొచ్చు, వెండి రంగో నల్ల రంగో కొట్టించొచ్చు. ఇంజన్ పని జరిగేది కింది ముఖం మీద. అందుకే హెడ్ చేతికి రాగానే బోర్లించండి. పై అందం చివర్లో చూసుకోవచ్చు.

ఇంటి దగ్గరే సగం పని

మీరు వెతుకుతున్నది ఏ బండి హెడ్డో మీకు కచ్చితంగా తెలుసా? "ఆర్‌ఎక్స్ హెడ్" అంటే సరిపోదు. ఆర్‌ఎక్స్ 100కి పిస్టన్ తిరిగే బోరు వ్యాసం 50 మి.మీ., స్ట్రోకు కూడా 50 మి.మీ. ఆర్‌ఎక్స్ 135కి బోరు 58 మి.మీ. రెండూ యమహావే, రెంటి మీదా ఫిన్‌లే, దూరం నుంచి చూస్తే అన్నదమ్ములే. ఒకదాని హెడ్ ఇంకోదాని మీద పనికిరాదు. ఇంకో చిక్కు ఉంది. టీవీఎస్-సుజుకీ వాళ్ల మ్యాక్స్ 100, సమురాయ్ బండ్లకు కూడా బోరు 50, స్ట్రోకు 50. అంటే ఒక్క గుంట వ్యాసం కొలిచి "ఇది ఆర్‌ఎక్స్ 100దే" అనుకుంటే మోసపోవచ్చు. స్టడ్ల దూరం కూడా కలవాలి.

రాజ్‌దూత్ 350, అంటే మన ఆర్‌డీ, రెండు సిలిండర్ల బండి. ఒక్కో బోరు 64 మి.మీ. రెండు బోర్లకూ రెండు విడి హెడ్లు. ఒక్కటే కొంటున్నారంటే రెండో దానితో గుంట లోతు, మందం సరిపోల్చాల్సిందే. లేకపోతే ఒక సిలిండర్ ఒకలా, ఇంకోటి ఇంకోలా కొడుతుంది. మైసూరు ఐడియల్ జావా కంపెనీ చేసిన యెజ్డీ 250కి బోరు 65, స్ట్రోకు 75. పాత టూ-స్ట్రోక్ చేతక్ స్కూటరుకు 57, 57. ఈ అంకెలు ఫోనులో రాసి పెట్టుకోండి.

మీ బోరును ఇంతకుముందే రీబోర్ చేయించి ఉంటే లెక్క మారుతుంది. ఓవర్‌సైజ్ పిస్టన్లు సాధారణంగా 0.25 మి.మీ. చొప్పున పెరుగుతూ 1 మి.మీ. దాకా వస్తాయి. నాలుగో సైజు పిస్టన్ వేసిన ఆర్‌ఎక్స్ 100 బోరు ఇప్పుడు 51 మి.మీ. అన్నమాట. గ్యాస్కెట్ లోపలి అంచు బోరులోకి పొడుచుకు రాకుండా ఉందా లేదా అని అప్పుడు చూసుకోవాలి.

మరి ఏం తీసుకెళ్లాలి? బోరునే సంచిలో వేసుకెళ్తే అంతకంటే మంచిది లేదు. బరువనిపిస్తే పాత గ్యాస్కెట్ తీసుకెళ్లండి. మెకానిక్ దాన్ని పారేయకముందే అడిగి తీసుకోండి. స్టడ్ రంధ్రాలు, బోరు వ్యాసం, అన్నీ ఆ పల్చటి రేకులో అచ్చుపడి ఉంటాయి. దుకాణంలో హెడ్ మీద పెట్టి చూస్తే అరనిమిషంలో నిజం తెలుస్తుంది. మీ పాత హెడ్ కూడా వెంట ఉండాలి. చూడీలు (ప్లగ్ బిగించే మరలు) పోయినా సరే, మందం, గుంట ఆకారం పోల్చడానికి అదే మీ కొలబద్ద.

వీటితో పాటు ఒక వెర్నియర్, ఒక ఫీలర్ గేజ్, ఒక కొత్త ప్లగ్, టార్చి, సుద్దముక్క, పాత నూలు గుడ్డ. గాజు దుకాణంలో అడిగి ఒక జానెడు మందపాటి అద్దం ముక్క కోయించుకోండి, అంచులు రాయించి ఇమ్మనండి. కిరాణా ఖర్చులో తేలిపోయే సామాను ఇదంతా.

మెట్రోలో వెళ్తుంటే ఒక మాట. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మూడో స్టేషనే కదా అని కిరోసిన్ సీసా, పెట్రోలు తడిసిన గుడ్డలు సంచిలో పెట్టుకోకండి. మండే పదార్థాలను లోపలికి రానివ్వరు. బోరును ముందే కడిగి, తుడిచి, కాగితంలో చుట్టుకుని వెళ్లండి. కాస్త డీజిలో కిరోసినో దుకాణంలోనే అడిగితే ఇస్తారు.

ఎక్కడ వెతకాలి అంటారా? ఎల్బీనగర్ చౌరస్తా నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే, హరిణ వనస్థలి పార్కు దగ్గర ఆటోనగర్ వస్తుంది. లారీల పని ఎక్కువ, కానీ పాత ఇనుము, అల్యూమినియం తెలిసినవాళ్లు, లేత్ మిషన్లు అక్కడ ఉంటాయి. కోఠి పక్కన పుత్లీబౌలి టూ-వీలర్ విడిభాగాలకు పాత అడ్డా. గ్యాస్కెట్, స్టడ్లు, ప్లగ్ అక్కడ తీసుకోవచ్చు. గురువారం జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత కూడా ఉన్నాయి. అదృష్టం బాగుంటే దొరుకుతుంది, కానీ సంతలో కొన్నదాన్ని మళ్లీ తీసుకెళ్లి ఇవ్వాలంటే మనిషి అదే చోట కనబడకపోవచ్చు. నా సలహా అడిగితే, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ గల్లీల్లో పాత టూ-స్ట్రోక్ బండ్లు చేసే మెకానిక్‌లను ముందు అడగండి. వాళ్ల షెడ్డులో ఇంజన్ మార్చిన బండి తాలూకు హెడ్ ఒకటి ఉండొచ్చు. అది ఏ బండిదో, ఎందుకు విప్పారో చెప్పగలిగే మనిషి ఎదురుగా ఉండటం పెద్ద లాభం.

పగటిపూట వెళ్లండి. మెట్రో స్తంభాల నీడలో, సాయంత్రం దుకాణం బల్బు వెలుగులో సన్నటి పగులు కనబడదు. హెడ్ చేతిలోకి తీసుకుని నాలుగడుగులు ఎండలోకి రండి. షాపతను ఏమీ అనుకోడు. అనుకుంటే అనుకోనివ్వండి.

చేతిలోకి తీసుకున్నాక

1. గ్యాస్కెట్ ముద్ర చూడండి. వాడిన హెడ్ కింది ముఖం మీద గ్యాస్కెట్ ఒక గుండ్రటి గుర్తు వదులుతుంది. ఆ గుర్తు చుట్టూ ఒకే వెడల్పుతో, ఒకే రంగులో ఉంటే హెడ్ సరిగ్గా కూర్చుని పనిచేసిందని అర్థం. ఒక చోట నల్లటి చార లోపల్నుంచి బయటి అంచు దాకా పాకి ఉందా? అక్కడ మంట బయటికి కొట్టింది. ఆ చార కింద లోహం తినేసి ఉందేమో గోటితో గీసి చూడండి. గోరు తట్టుకుంటే ఆ గుంత ఎంత లోతుందో కొలవాలి.

2. వంకర. టూ-స్ట్రోక్ హెడ్ కొనేవాళ్లు ఎక్కువగా వదిలేసే పరీక్ష ఇది, నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టమనేదీ దీనికే. అద్దం ముక్కను చదునుగా పెట్టి, హెడ్ ముఖాన్ని గుడ్డతో తుడిచి, దాని మీద ఉంచండి. ఒక్కో మూల మీద వేలితో నొక్కండి. టకటకమని ఊగుతోందా? ఊగితే వంగింది. ఊగకపోయినా ఆగకండి. ఫీలర్ గేజ్‌లో అతి పల్చటి ఆకు తీసుకుని చుట్టూ అంచు కింద దూర్చి చూడండి. అద్దం మీద పెడితే నడిమి పల్లం తెలియదు కాబట్టి, హెడ్‌ని బోర్లించి వెర్నియర్ వీపు అంచునో మంచి స్టీల్ అంచునో అడ్డంగా, నిలువుగా, రెండు మూలలకూ ఐమూలగా పెట్టి వెలుగుకు ఎదురుగా చూడండి. కింద నుంచి వెలుతురు గీత కనబడితే అక్కడ ఆకు దూర్చండి. యమహా సర్వీసు పుస్తకాల్లో ఈ వంకరకు సాధారణంగా ఇచ్చే హద్దు 0.03 మి.మీ. మీ దగ్గరున్న 0.05 ఆకు సులువుగా దూరిందంటే హద్దు దాటినట్టే. దాటినంత మాత్రాన పారేయక్కర్లేదు, నూరి చదును చేయొచ్చు. కానీ 0.20 ఆకు దూరితే? అంత లోహం తీసేస్తే గుంట చిన్నదైపోతుంది. దాన్ని రాక్ మీద పెట్టేసి ఇంకోటి అడగండి.

3. ప్లగ్ చూడీలు. కొత్త ప్లగ్ తీసి, వాచరుతో సహా, వేళ్లతోనే తిప్పండి. పానా ముట్టుకోకండి. మొదటి చుట్టు నుంచి చివరి దాకా నునుపుగా దిగి కూర్చోవాలి. మధ్యలో పట్టేస్తే చూడీలు నలిగాయి. వదులుగా ఊగుతూ దిగితే అరిగిపోయాయి. ఈ బండ్లలో చాలావాటికి ప్లగ్ 14 మి.మీ. చూడీ, 12.7 మి.మీ. పొడవు. ఇక్కడే ఒక తెలియని ప్రమాదం ఉంది. ఎవరో ఎప్పుడో 19 మి.మీ. పొడవు ప్లగ్ బిగించి ఉంటారు. అది గుంటలోకి 6 మి.మీ.కు పైగా పొడుచుకు వస్తుంది. పిస్టన్‌కు తగలొచ్చు. తగలకపోయినా బయటికి వచ్చిన చూడీల మీద బొగ్గు గట్టిపడి, ప్లగ్ విప్పేటప్పుడు హెడ్ చూడీలను లాక్కుని వస్తుంది. మీ పాత హెడ్ పోయింది కూడా ఇలాగే కావచ్చు, ఒకసారి మెకానిక్‌ను అడగండి.

చూడీలు ఒకసారి పోయి, హెలికాయిల్ (చూడీల బదులు దింపే తీగ చుట్ట) వేసిన హెడ్ అయితే? దాన్ని చూసి మొహం తిప్పుకోకండి. సరిగ్గా వేసిన హెలికాయిల్ అల్యూమినియం చూడీల కంటే గట్టిగా నిలబడుతుంది. తీగ చివర గుంటలోకి పొడుచుకు రాకూడదు, ప్లగ్ కూర్చునే పై అంచు చదునుగా ఉండాలి. ఈ రెండూ బాగుంటే తీసుకోవచ్చు. ఇత్తడి బుష్ కొట్టి, పక్కన సుత్తి దెబ్బలతో బిగించిన రకం మాత్రం నాకు ఇష్టం లేదు. వేడికి అది కదిలి, ప్లగ్‌తో పాటు ఊడి వచ్చే ప్రమాదం ఉంది.

4. పగుళ్లు. గుంటను డీజిల్‌తో కడిగి, బొగ్గును చెక్క పుల్లతో గీకండి. ఇనప బ్రష్షు వద్దు, ముఖం మీద గీతలు పడతాయి. శుభ్రం చేశాక కిరోసిన్ పూసి ఐదు నిమిషాలు ఆగండి. పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే అందులో దాక్కున్న కిరోసిన్ నెమ్మదిగా పైకి ఊరి, తెల్లటి పొడి మీద తడి గీతలా తేలుతుంది. ప్లగ్ రంధ్రం నుంచి గుంట అంచు దాకా ఉన్న చోటు, స్టడ్ రంధ్రాల చుట్టూ, ఈ రెండు చోట్లా జాగ్రత్తగా చూడండి. అక్కడ గీత తేలితే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

5. గుంటలో మచ్చలు. లోపలంతా ఇసుక చల్లినట్టు సన్నటి గుంతలు ఉంటే ఆ ఇంజన్ చాలాకాలం నాకింగ్‌తో నడిచింది. పైపైన ఉంటే నునుపు చేయించుకోవచ్చు. రింగు విరిగి ముక్క పైకి వచ్చి కొట్టిన గుర్తులైతే వంకర టింకరగా, లోతుగా, పదునైన అంచులతో ఉంటాయి. ఆ అంచులు మంటలో ఎర్రగా కాగి, ప్లగ్ వెలగకముందే పెట్రోలును అంటిస్తాయి. అంచులు నునుపు చేయించకుండా అలాంటి హెడ్ బిగించొద్దు. గుంతలు గ్యాస్కెట్ కూర్చునే చోటుకు పాకి ఉంటే కొనొద్దు.

6. స్టడ్ రంధ్రాలు గుండ్రంగా ఉండాలి, కోలగా కాదు. నట్టు కూర్చునే చోటు నలిగి లోతుపడిందా అనేదీ చూడండి.

7. ఫిన్‌లు. ఒక కొస విరిగితే అందం పోతుంది గానీ ఇంజన్‌కు పెద్ద నష్టం లేదు. విరుపు వేళ్లదాకా, స్టడ్ రంధ్రం వైపు దిగితే వేరే సంగతి. హెడ్‌ని రెండు వేళ్లతో వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టి వినండి. పగలని లోహం ఖంగుమంటుంది. బొంగురుగా పలికితే మళ్లీ నాలుగో పరీక్షకు వెళ్లండి. ఫిన్‌ల సందుల్లో ఎమ్‌సీల్ ముద్దలు, వాటి మీద రంగు కనిపిస్తే గోటితో గీకి చూడడానికి మొహమాటపడకండి.

కోత పడిన హెడ్

ఆర్‌ఎక్స్ అంటే పికప్ అని మన కుర్రాళ్ల నమ్మకం. ఇంకాస్త పికప్ కోసం చాలామంది హెడ్‌ని లేత్ మీద కోయిస్తారు. కోయించిన సంగతి అమ్మేటప్పుడు చెప్పరు, లేదా "రేసింగ్ హెడ్" అని గొప్పగా చెప్పి ఇంకో నోటు ఎక్కువ అడుగుతారు. మీకు కావాల్సింది రోజూ ఆఫీసుకు, ఊరికి వెళ్లే బండి. మరి కోత పడిన హెడ్ మీకేం చేస్తుంది?

ఒక చిన్న లెక్క చూడండి. ఆర్‌ఎక్స్ 100లో పిస్టన్ ఒక్కసారి తుడిచే చోటు 98 సీసీ. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే గది 14 సీసీ అనుకుందాం. రెండూ కలిపితే 112, దాన్ని 14తో భాగిస్తే 8. అదే కంప్రెషన్ నిష్పత్తి. ఇప్పుడు ముఖం నుంచి అర మిల్లీమీటరు కోశారు. 50 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తంలో అర మిల్లీమీటరు అంటే దాదాపు 1 సీసీ. గది 13 సీసీ అయింది, 111ని 13తో భాగిస్తే ఎనిమిదిన్నర దాటింది. కంటికి కనిపించని అర మిల్లీమీటరు అంత మారుస్తుంది. నాకింగ్ మొదలవుతుంది, వేడి పెరుగుతుంది, వేసవిలో మధ్యాహ్నం ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగి ఆగి వెళ్తే పిస్టన్ పట్టేసే ప్రమాదమూ పెరుగుతుంది.

ఎలా కనిపెట్టాలి? ముఖం మీద లేత్ పెట్టే సన్నటి గుండ్రటి గీతలు కొత్తగా మెరుస్తున్నాయా చూడండి. అడుగు ఫిన్ నుంచి ముఖం దాకా ఉన్న మందాన్ని వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి. అదే నాలుగు చోట్ల మీ పాత హెడ్‌నీ కొలవండి. తేడా వచ్చిందా? ఎంత వచ్చింది? ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే ఏటవాలుగా కోశారన్నమాట, అది ఇంకా చెడ్డది. పాత హెడ్ వెంట తీసుకెళ్లమని అంతగా చెప్పింది ఇందుకే.

అచ్చు గుర్తుల గురించి కూడా. పోత పోసిన అక్షరాలు, అంకెలు పదునుగా, అంచులు తెలిసేలా ఉంటే అసలు కంపెనీ పోత అయ్యే అవకాశం ఎక్కువ. అక్షరాలు కరిగిపోయినట్టు, ఉపరితలం రవ్వలు రవ్వలుగా ఉంటే డూప్లికేట్ కావచ్చు. "జపాన్ మాల్" అన్న మాటకు విడిగా ధర కట్టకండి. జపాన్‌లో పుట్టినా వంగిన హెడ్ వంగిన హెడ్డే. తిన్నగా ఉన్న దేశీ హెడ్ దాని కంటే వంద రెట్లు నయం.

"నాకు వద్దన్నా" అనడం నేర్చుకోండి

ఇప్పుడు అసలు కష్టం. పరీక్షలన్నీ చేశారు, వంకర హద్దు దాటింది. కానీ మీరు పొద్దున్నుంచి తిరిగి అలిసిపోయారు. షాపతను టీ తెప్పించాడు. "అన్నా" అని పిలిచి రాక్ మొత్తం దింపించారు. ఇప్పుడు వద్దంటే బాగుండదేమో అనిపిస్తోంది. అనిపించిందా? చాలామందికి అనిపిస్తుంది. చెడ్డ హెడ్లు సగం ఈ మొహమాటం మీదే అమ్ముడుపోతాయి.

ఇలా మాట్లాడి చూడండి. "అన్నా, ముఖం వంగింది. ఇగో, ఆకు దూరుతున్నది చూడు. నాకు లేత్ ఖర్చు పడుతది. ఆ ఖర్చు తీసి చెప్పు, లేకపోతే ఇంకోటి చూపియ్యి." గొంతు పెంచనక్కర్లేదు. ఫీలర్ గేజ్ ఆకు అతని ఎదురుగా దూర్చి చూపించండి. పాత సామాను అమ్మేవాళ్లు పనిముట్టుకు విలువిస్తారు. తెలిసి వచ్చిన మనిషని గుర్తించాక, లోపలి గదిలో ఉన్న మంచి ముక్క బయటికి రావొచ్చు.

కొనడం ఖాయమైతే మూడు పనులు చేయండి. హెడ్ కింది ముఖాన్ని, ప్లగ్ రంధ్రాన్ని అక్కడే ఫోటో తీయండి. ప్లగ్ పూర్తిగా కూర్చోకపోయినా, పగులు బయటపడినా ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటాడో చీటీ మీద రాయించుకోండి. దుకాణం పేరు, తేదీతో బిల్లు అడగండి. ఇంజన్ నంబరు క్రాంక్‌కేస్ మీద ఉంటుంది, హెడ్ మీద ఉండదు. దొంగబండి విప్పి అమ్మితే హెడ్‌ని చూసి ఎవరూ పోల్చలేరు. అందుకే ఎక్కడ కొన్నారో చెప్పే కాగితం మీ దగ్గర ఉండాలి. మొత్తం ఇంజన్ కొంటుంటే మాత్రం క్రాంక్‌కేస్ మీది నంబరు, ఆర్‌సీ మీది నంబరు కలవనిదే పైసా ఇవ్వకండి.

ఇంటికి తెచ్చాక తొందరపడకండి

వంకర కాస్తే ఉంటే, ముఖం మీద గట్టూ మెట్టూ లేని హెడ్ అయితే, మీరే చదును చేసుకోవచ్చు. అదే అద్దం మీద 400 నంబరు వాటర్ పేపర్ తడిపి పరచండి. హెడ్‌ని దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ నూరండి. మధ్యమధ్యలో హెడ్‌ని పావు వంతు తిప్పి పట్టుకోండి, లేకపోతే చేతి బరువు ఒక పక్కే పడుతుంది. ముఖమంతా ఒకే మెరుపు వచ్చాక ఆపేయండి. ఎక్కువ నూరితే ఇందాక చెప్పుకున్న కోతే మళ్లీ జరుగుతుంది.

గుంట ఎంత పడుతుందో కొలవాలంటే మెడికల్ షాపులో 20 మి.లీ. సిరంజి కొనండి. హెడ్‌కు ప్లగ్ బిగించి, బోర్లించి, చదునుగా పెట్టండి. అంచుకు గ్రీజు రాసి, చిన్న రంధ్రం చేసిన ప్లాస్టిక్ షీటు అంటించండి. ఆ రంధ్రంలోంచి కిరోసిన్ వదలండి. గాలిబుడగ లేకుండా నిండే దాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అదే గుంట ఘనం. పాత హెడ్‌నీ ఇలాగే కొలిచి పోల్చండి. అర మిల్లీలీటరు లోపు తేడా ఉంటే నిశ్చింతగా ఉండండి.

బిగించే ముందు ఇంకో పరీక్ష. సన్నటి సోల్డర్ తీగ ముక్కలు రెండు, పిస్టన్ మీద గడ్జన్ పిన్ ఉన్న దిక్కుగా అటూ ఇటూ, అంచుల దగ్గర గ్రీజుతో అంటించండి. ఆ దిక్కులో పిస్టన్ ఊగదు కాబట్టి కొలత నమ్మదగ్గది. గ్యాస్కెట్ వేసి హెడ్ బిగించి, కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కి ఇంజన్‌ను ఒక్క చుట్టు తిప్పండి. విప్పి, నలిగిన తీగ మందం కొలవండి. మిల్లీమీటరు కంటే బాగా తక్కువ వస్తే బిగించొద్దు, మెకానిక్‌కు చూపించండి. రెండు వైపులా మందంలో పెద్ద తేడా వచ్చినా అంతే.

గ్యాస్కెట్ కొత్తదే వేయండి. పాతది కాల్చి, తట్టి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకండి, హెడ్‌కు పెట్టిన డబ్బు దగ్గర గ్యాస్కెట్ ధర లెక్కలోది కాదు. నట్లు ఐమూలగా, మూడు విడతల్లో బిగించాలి. ఎంత బిగువుకు బిగించాలో సర్వీసు పుస్తకంలో ఉంటుంది, టార్క్ పానా ఉన్న షెడ్డుకే వెళ్లండి. పానాకు పైపు తగిలించి బలంగా లాగే మెకానిక్ చేతిలో తిన్నటి హెడ్ కూడా వంగుతుంది. ఎంత మంచి పేరున్నవాడైనా, ఆ పైపు కనబడగానే ఆపండి.

స్టార్ట్ చేశాక గ్యాస్కెట్ అంచు చుట్టూ సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. హెడ్ కాగకముందే చూడాలి, వేడెక్కితే నీళ్లు ఆవిరైపోతాయి. మొదటి రోజు చైతన్యపురి నుంచి నాగోలు దాకా నెమ్మదిగా వెళ్లి రండి. బండి పూర్తిగా చల్లారాక నట్ల బిగువు మళ్లీ సరిచూసుకోండి. ప్లగ్ విప్పి రంగు చూడండి. కాఫీపొడి రంగు మంచిది. తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు తక్కువ అందుతోంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో కార్బొరేటర్ బండ్లలో మిశ్రమం కాస్త పల్చబడుతుంది కాబట్టి, ఈ తెలుపును తేలిగ్గా తీసుకోకండి, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలేమో మెకానిక్‌తో మాట్లాడండి. ప్లగ్ పింగాణీ మీద వెండి రవ్వల్లాంటివి కనబడితే అది పిస్టన్ కరిగి అంటిన అల్యూమినియం. బండి అక్కడే ఆపి, నెట్టుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లండి.

పాత హెడ్‌ని కబాడీకి వేయకండి. చూడీలు పోయినా దాని ముఖం తిన్నగా ఉంటే, ఆటోనగర్‌లో మంచి లేత్ పనివాడి చేత హెలికాయిల్ వేయించండి, రేపటికి అదే మీ స్పేర్. మందం ఎంత, గుంట ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చిన్న చీటీ మీద రాసి దానికి కట్టి పెట్టండి.